గుడారము మోయుట మానిన లేవీయులు

పాఠ్యభాగము: సంఖ్యాకాండము 8:23–26; 1 దినవృత్తాంతములు 23:24–32



ఈ నెల పాఠమునకు మేమెంచుకొనిన వాక్యభాగములు ఆదివారారాధనలో తరచుగా చదువబడునవి కావు. లేవీయుల వయస్సులు, వంశములు, పనుల పంపకములు వచ్చినచోట మనలో అనేకులు పేజీ త్రిప్పివేయుదురు. అయినను మన తీరపు గ్రామములలో ఇటీవల మా యొద్దకు పదే పదే వచ్చుచున్న ఒక ప్రశ్నకు ఈ భాగములలో గొప్ప వెలుగు కలదని మాకు తోచినది.

ఆ ప్రశ్న ఇట్టిది. "అయ్యగారూ, నాకు నలువదియైదేండ్లు నిండినవి. వల తప్ప మరొకటి ఎరుగను. సముద్రములో చేప తగ్గినది, డీజిలు ఖర్చు పెరిగినది. ఇప్పుడు నేనేమి నేర్చుకొందును? నన్నెవరు పనిలో పెట్టుకొందురు?" ఇది మగవారి మాట. స్త్రీల మాట వేరొక విధముగా ఉండును. "పిల్లల పెండ్లిండ్లు అయిపోయినవి, పొలము కౌలుకిచ్చితిమి. కుట్టుపని నేర్చుకొనవలెనని చిన్ననాటినుండి ఆశ. ఇప్పుడు నేర్చుకొందునంటే ఇంటిలో నవ్వుచున్నారు." అడుగువారిలో సోమరులు లేరు. ఇరువది ముప్పది యేండ్లు చెమటోడ్చినవారే వీరు. మేమును నలువది దాటినవారమే గనుక వారి కంఠములోని భయము మాకు తెలియును.

ఇక వాక్యభాగమునకు వత్తము. అరణ్యములో ఇశ్రాయేలీయులు ప్రయాణము చేయు దినములలో ప్రత్యక్షపు గుడారము మోయుట లేవీయుల పని. ఈ మోత ఎంత బరువైనదో నాలుగవ అధ్యాయము చదివినవారికి తెలియును. మెరారీయుల వంతుకు గుడారపు పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, దిమ్మలు వచ్చినవి. గెర్షోనీయులకు తెరలు, కప్పులు వచ్చినవి. ఏడవ అధ్యాయములో ప్రధానులు ఆరు బండ్లను పండ్రెండు ఎద్దులను తెచ్చినప్పుడు మోషే మెరారీయులకు నాలుగు బండ్లు, గెర్షోనీయులకు రెండు బండ్లు పంచియిచ్చెను. కహాతీయులకు బండి ఒక్కటియు ఇవ్వలేదు, ఏలయనగా మందసము మొదలగు పరిశుద్ధ వస్తువులను వారు భుజముల మీదనే మోయవలసియుండెను. ఎండలో, ఇసుకలో, కొండదారిలో భుజము మీద మోత! కావడి మోసినవారికి, పడవను ఒడ్డుకు ఈడ్చినవారికి మేము దీనిని వివరింప నక్కరలేదు.

అట్టి పనికి దేవుడు వయస్సు నియమించెను. నాలుగవ అధ్యాయములో ముప్పదియేండ్లు మొదలుకొని ఏబదియేండ్ల వరకు అని ఉన్నది. మన పాఠ్యభాగమైన ఎనిమిదవ అధ్యాయములో ఇరువదియైదేండ్లు మొదలుకొని అని ఉన్నది. ఈ రెండును ఒకదానికొకటి విరోధముగా కనబడుచున్నవే అని అడుగవచ్చును. పూర్వకాలపు యూదా బోధకులు దీనికి చెప్పిన సమాధానము మాకు మిక్కిలి ఇష్టము. ఇరువదియైదవ ఏట లేవీయుడు పనిలో ప్రవేశించి అయిదేండ్లు నేర్చుకొనుననియు, ముప్పదియవ ఏట మోత పట్టుననియు వారు చెప్పిరి. దేవుని మందిరపు పనికే అయిదేండ్ల నేర్పు కావలసి వచ్చినయెడల, నలువదియైదేండ్ల మనిషి ఒక క్రొత్త పనిని ఆరు నెలలలో పట్టుకొనలేకపోయెనని తన్ను తాను మొద్దు అని పిలుచుకొననేల?

తరువాత ఏబదియేండ్ల మాట. ఆ వయస్సు వచ్చిన లేవీయుడు బరువు పని మాని, గుడారమునొద్ద తన సహోదరులకు సహాయకుడై కావలి కాయవలెనని ఇరువదియారవ వచనము యొక్క భావము. అతనిని ఇంటికి పంపివేయలేదు, భుజము అరిగిన తరువాత కూడ మోయుమని బలవంతము చేయనులేదు. పని మార్చెను. గుడారము ఎట్లు విప్పవలెనో, ఏ పలక ఏ దిమ్మలో కూర్చుండునో ఎరిగినవాడు కుఱ్ఱవారి ప్రక్కను నిలువబడుట ఎంత మేలు!

అయినను, మన కాలమునకు ఇంకను దగ్గరగా ఉన్నది రెండవ పాఠ్యభాగము. ఇది దావీదు వృద్ధాప్యమునందలి సంగతి. యెహోవా తన జనులకు విశ్రాంతి దయచేసెను, యెరూషలేములో స్థిరముగా నివసింపనున్నాడు, కావున లేవీయులు ఇకమీదట గుడారమును దాని ఉపకరణములను మోయ నక్కరలేదని దావీదు చెప్పెను. పండుగవంటి మాటయే. అయితే ఆ దినమున ఒక నలువదియైదేండ్ల మెరారీయుడు ఆ మాట వినినట్టు ఊహించుకొనుడి. అతని తండ్రి మోసెను, తాత మోసెను. మోత అతని గోత్రపు పేరే. ఇప్పుడు ఎవని తప్పిదమును లేకుండనే ఆ పని లోకములో లేకుండ పోయెను.

దావీదు ఏమి చేసెనో చూడుడి. లేవీయులను లెక్కింపగా ముప్పదియేండ్లు మొదలుకొని పైవయస్సు గలవారు 38,000 మంది ఉండిరి. వారిలో 24,000 మందిని మందిరపు పని విచారించుటకును, 6,000 మందిని అధిపతులుగాను న్యాయాధిపతులుగాను, 4,000 మందిని ద్వారపాలకులుగాను, 4,000 మందిని వాద్యములతో స్తుతి చేయుటకును నియమించెను. ఇరువదియెనిమిదవ వచనము మొదలుకొని ఉన్న పనుల జాబితా ఇంకను ఆశ్చర్యము. ఆవరణములను గదులను కనిపెట్టుట, సన్నిధి రొట్టెలు, నైవేద్యపు మెత్తని పిండి, పులియని అప్పడములు, పెనములో కాల్చునవి, కొలతలు, పరిమాణములు. స్తంభములు మోసిన చేతులకు పెనమును కొలపాత్రయు ఇచ్చెనన్నమాట! అది మా స్థితికి తక్కువ అని గొణిగినవారు ఉండకపోరు, గాని గ్రంథము ఆ సంగతి చెప్పలేదు గనుక మేమును చెప్పము. ఇరువదియైదవ అధ్యాయములో గానము నేర్చిన ప్రవీణులు 288 మంది అని వ్రాయబడినది. వారు పని వంతులకై చీట్లు వేసికొనినప్పుడు చిన్నయని పెద్దయని, గురువని శిష్యుడని భేదము లేకుండ వేసికొనిరట. క్రొత్తగా నేర్చుకొనువాడు నేర్పువాని ప్రక్కననే నిలిచెను. ఈ ఒక్క మాటను మన సంఘ పెద్దలు వ్రాసి పెట్టుకొందురు గాక.

ఇట్టి సంగతి యెరూషలేమునకు మాత్రమే కలిగినది కాదు. మన ఊళ్ల ప్రక్కన పారు బకింగ్‌హాం కాలువనే చూడుడి. 1806లో మద్రాసునొద్ద ఆరంభమైన ఆ కాలువ కొంచెము కొంచెముగా ఉత్తరమునకు సాగి, 1878లో అప్పటి మద్రాసు గవర్నరైన బకింగ్‌హాం ప్రభువు పేరు పొందెను. ఉప్పు, ధాన్యము, వంటచెరకు పడవలలో మద్రాసుకు పోయెడివి. గాలియున్నప్పుడు తెరచాప, లేనప్పుడు గడ, లేదా గట్టు వెంబడి త్రాడు పట్టి లాగుట. ఎన్నో కుటుంబములు తరతరములుగా దానిమీద బ్రదికినవి. రైలు వచ్చెను, లారీలు వచ్చెను. తుపానులు గట్లు కోసెను, ఇసుక పూడ్చెను. 1970ల నాటికి ఆ పడవల కాలము దాదాపు ముగిసెను. ఇట్లే చెప్పులు కుట్టువారి మీదికి రబ్బరు చెప్పు వచ్చెను. కపిల బానలు కుట్టువారి మీదికి కరెంటు మోటారు వచ్చెను. తెప్పల మీదికి ఫైబరు పడవలును ఇంజనులును వచ్చెను. ఎవరి చేతిపని ఎప్పుడు ఆగిపోవునో ముందుగా చెప్పు దండోరా ఏదియు లేదు.

ఇప్పుడు మన సంఘ చరిత్రలోనుండి ఒక మనిషిని మీ యెదుట నిలుపుచున్నాము. ఆయన పేరు యెర్రగుంట్ల పేరయ్యగారు. ఒంగోలుకు పడమటనున్న తాళ్లకొండపాడు ఆయన గ్రామము. ఆ కాలమున ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. ఆయన మాదిగ కులములో పుట్టి, తోలు పని చేసి, తోళ్ల వ్యాపారము నెరపినవాడు. అక్షరము దక్కని కులమని లోకము త్రోసివేసిన కాలమున, ఆయన యోగమార్గము నభ్యసించి, ఒక స్త్రీ గురువు వలన ఉపదేశము పొంది, తానును శిష్యులు గల గురువాయెను. అనగా పగలు తోలు, రాత్రి ధ్యానము. ఇట్లుండగా తోళ్ల వ్యాపారమునకై ఉత్తరమునకు పోయినప్పుడు ఆయన సువార్త వినెను. ఏలూరిలో ఉండిన మిషనరీ అలెగ్జాండరు దొరగారిని చూచి మాటలాడెను. 1866లో నెల్లూరు మిషనరీ జూయెట్ దొరగారి చేత ఆయనయు ఆయన భార్యయు బాప్తిస్మము పొందిరి.

అప్పటికి పేరయ్యగారు పడుచువాడు కాడు. కుటుంబము గలవాడు, పేరు గలవాడు, చేతినిండ పని గలవాడు. ఆయన తన మతమును మార్చుకొనెనని మాత్రమే మనము సాధారణముగా చెప్పుదుము. ఆయన తన పనిని కూడ మార్చుకొనెను. ఇకమీదట ఆయన వృత్తి బోధించుట. అయితే ఈ పాఠమునకు మాకు ముఖ్యమైన సంగతి ఇది: ఆ క్రొత్త పనికి కావలసిన త్రోవలన్నియు పాత పని వేసినవే. తోళ్లు కొనుటకు ఏ పల్లెలకు పోయెనో ఆ పల్లెలకే పోయెను. చెప్పులు కుట్టు అరుగుల మీదనే కూర్చుండి మాటలాడెను. మేనరికపు చుట్టములు, వియ్యాలవారు ఉన్న మాదిగ పల్లెలు ఆయనకు తెరచిన తలుపులు. ఏ మాటకు ఎవరు కోపగింతురో, ఏ మాటకు చెవి యొగ్గుదురో బేరములాడి నేర్చుకొనినవాడు. నిశ్శబ్దముగా కూర్చుండుట, ప్రశ్న అడిగినవానిని ఓర్చుకొనుట యోగమునుండి నేర్చుకొనినవాడు. ఇరువది రెండేండ్ల యువకుడు వేదపాఠశాల నుండి నేరుగా వచ్చినయెడల ఇవి ఎక్కడ తెచ్చును? (మేము వేదపాఠశాల నుండి నేరుగా వచ్చినవారమే గనుక ఇది చెప్పుటకు మాకు హక్కు కలదు.)

ఫలమేమి? 1866 సెప్టెంబరులో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘము ఏర్పడెను. అదే జనవరి మాసములో క్లౌ దొరగారు తాళ్లకొండపాడునకు పోయి 28 మందికి బాప్తిస్మమిచ్చిరి. దొరగారు అప్పటికి ఆ ప్రాంతమునకు క్రొత్తవారు. ఆ 28 మందిని సిద్ధపరచినది పేరయ్యగారి పాదములే. క్లౌ దొరసానిగారు 1899లో ప్రచురించిన పుస్తకమునకు చెప్పులు కుట్టుట అను పనినే పేరుగా పెట్టి, ఈ తరపు మాదిగ బోధకుల జీవితములను అందులో వ్రాసిరి. పేరు బాగుగా కుదిరినది.

క్లౌ దొరగారి సంగతియు ఈ పాఠమునకు తగియున్నది. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో వెల్లంపల్లినొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరని మన పిల్లలు సహితము కంఠపాఠముగా చెప్పుదురు. మేము చెప్పదలచినది దానికి ముందటి సంవత్సరపు మాట. 1876 నుండి 1878 వరకు మహా కరవు. మనుష్యులు త్రోవలలో పడి చచ్చుచుండిరి. ప్రభుత్వము కరవు పనిగా బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండగా, క్లౌ దొరగారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొనిరి. మిషనరీకి కాలువ గుత్త ఏమి అని మీరు అడుగవచ్చును. ఆయన 1836లో పుట్టినవారు. యౌవనమున, బోధకుడు కాక మునుపు, అమెరికాలో ప్రభుత్వ భూముల సర్వే పనిలో గొలుసు పట్టి తిరిగినవారు. ఆ పనిని విడిచి ఎన్నో యేండ్లైనది. మరల ఎప్పుడైన దానితో పని పడునని ఆయన అనుకొనియుండరు. నలువది దాటిన తరువాత, పరదేశములో, ఆకలిగొనిన జనము ఎదుట నిలిచినప్పుడు ఆ పాత విద్య అక్కరకు వచ్చెను. బోధకులు మేస్త్రీలై గంపలు లెక్కపెట్టిరి, కూలి సక్రమముగా ముట్టునట్లు చూచిరి, పనివారు సేద తీర్చుకొనునప్పుడు వాక్యము చెప్పిరి. కరవు తీరువరకు బాప్తిస్మములు ఇవ్వకుండ ఆపివేసిరి కూడ, అన్నము కొరకు వచ్చిరను మాట రాకుండుటకు. అందుచేత మన కాలువ గట్టు మీద నడచునప్పుడు, ఒకడు విడిచివేసిన పాత పనిని దేవుడు విడిచివేయలేదని జ్ఞాపకము చేసికొనవచ్చును.

స్త్రీలను గూర్చి ప్రత్యేకముగా ఒక మాట. 1990, 1991 సంవత్సరములలో మన నెల్లూరు జిల్లాలో అక్షరదీపము అను పేరున వయోజన విద్యోద్యమము జరిగినది. పగలు నాటు వేసి, రాత్రి లాంతరు వెలుగున పలక పట్టిన స్త్రీలు వేలకొలది. ముప్పదియైదు, నలువది, అంతకు మించిన వయస్సువారు. మొదట సంతకము పెట్టుటకని వచ్చిరి. చదువుకొనిన పాఠములో తమ ఇంటి సారా కథ కనబడగానే, తమలో తాము మాటలాడుకొనసాగిరి. దూబగుంటలో స్త్రీలు సారా దుకాణమునకు ఎదురు నిలిచిరి. వారికి ముందుండిన దూబగుంట రోశమ్మగారు కూడ పడుచు వయస్సు దాటినవారే. 1992లో ఆ ఉద్యమము జిల్లాయంతట వ్యాపించి, రాష్ట్రమంతయు ప్రాకి, 1993 అక్టోబరు 1వ తేదీ నుండి రాష్ట్రములో సారా నిషేధింపబడెను. సారా సంగతి ఆ తరువాత ఎన్ని మలుపులు తిరిగినదో మీకు తెలియును, అది ఈ పాఠములోనిది కాదు. నలువదియేండ్ల వయస్సులో 'అ' దిద్దిన చెయ్యి జిల్లా కలెక్టరు కార్యాలయమునకు అర్జీ పట్టుకొని పోయినదని మాత్రము చెప్పుచున్నాము. కుట్టుపని నేర్చుకొందునను అత్తను చూచి నవ్వు కోడండ్రు ఇది చదువుదురు గాక.

ఇంతవరకు చదివి, రేపే పడవ అమ్మివేయుదునని ఎవరును లేవకూడదు. మనస్సులో పుట్టిన ప్రతి కోరికయు పిలుపు కాదు. 1990ల ఆరంభమున మన తీరమంతట రొయ్యల గుంటలు వచ్చిన కాలము మీకు జ్ఞాపకమున్నది. వరి పండు నేలను త్రవ్వి, అప్పు తెచ్చి, ఏటికి రెండు పంటలని లెక్కలు వేసికొనిరి. 1994, 1995లలో తెల్లమచ్చ తెగులు తగిలి గుంటలు ఖాళీ ఆయెను, నేలలో ఉప్పు మిగిలెను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరపు రొయ్యల గుంటలపై కఠినమైన తీర్పు ఇచ్చెను. నేర్చుకొని, నిలువరించి, నెమ్మదిగా చేసినవారిలో కొందరు నిలిచిరి. పొరుగువాడు చేసెనని చేసినవారిలో అనేకులు నేల పోగొట్టుకొనిరి. లూకా సువార్త 14వ అధ్యాయములో గోపురము కట్టనారంభించువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని ప్రభువు చెప్పెను. ఆ మాట నడివయస్సువానికి మరి ఎక్కువగా చెల్లును, ఎందుకనగా అతని వెనుక భార్య బిడ్డలు, ముసలి తలిదండ్రులు ఉందురు.

ఎలీషా సంగతి కొందరు మాకు ఎత్తి చూపుదురు. ఏలీయా దుప్పటి వేసిన వెంటనే అతడు ఎద్దులను వధించి, వాటి కాడి కఱ్ఱలతోనే వంట చేసి, జనులకు పెట్టి వెళ్లిపోయెను (1 రాజులు 19). నిజమే. అయితే ఎలీషా పండ్రెండు అరకలు దున్నుచుండిన పొలమునుండి లేచినవాడు. అతని తండ్రి యింట అన్నమునకు కొదువ ఉన్నట్టు కనబడదు. ముందు తండ్రిని తల్లిని ముద్దు పెట్టుకొని వచ్చెదనని అడిగిన మాట కూడ అక్కడనే ఉన్నది. పౌలు మాత్రము కొరింథులో అకులతోను ప్రిస్కిల్లతోను కలిసి డేరాలు కుట్టుచునే బోధించెను (అపొస్తలుల కార్యములు 18:3). కూలి చేసికొని బ్రదుకు మన సంఘస్థులకు పౌలు త్రోవయే మంచిదని మా అభిప్రాయము. క్రొత్త పని నాలుగు మెతుకులు పెట్టువరకు పాత పని చేతిలో ఉండవలెను. భార్యకు తెలియకుండ, అప్పు వ్రాయించి, ఆరంభింపబడిన పిలుపును మేము పిలుపుగా ఒప్పుకొనము. ఇంటిలో అందరును కూర్చుండి, ఏ నెల ఎంత రావలెను, రానియెడల ఎన్ని నెలలు ఓర్చుకొనగలము అని లెక్క వేసికొనవలెను. అటుపిమ్మట ప్రార్థింపవలెను. లెక్క వేసికొనుట అవిశ్వాసమని ఎవరైన చెప్పినయెడల, దినవృత్తాంతముల గ్రంథమును చూపుడి. దావీదు లెక్క వేసికొనియే పంచెను.

పని పోయినవానికి కూలి ఎంత ముఖ్యమో, తన పేరు అంత ముఖ్యము. "ఆయన మంచి సరంగు" అని ఊరంతయు అనుచుండగా ఇరువదియేండ్లు బ్రదికినవాడు, ఇప్పుడు ఒక ఇంజను కొట్టులో తన కుమారుని వయస్సు వాని చేత "ఆ పానా కాదు మామా, ఈ పానా" అని చెప్పించుకొనవలెను. ఆ సిగ్గును తేలికగా మాటలాడకూడదు. ఆ ఒక్క మాటకే పని మాని, మరుసటి దినము సారా కొట్టు చేరినవారిని మేమెరుగుదుము. ఇట్టివానికి సంఘము చేయవలసినది బోధ కాదు. ఆదివారమున అతని పాత చోటనే అతనికి కూర్చుండుటకు చోటు ఉండవలెను. చందా తగ్గినదని అతని పేరు గట్టిగా చదువకూడదు. "ఎక్కడిదాక వచ్చెను నేర్పు?" అని ఆప్యాయముగా అడుగువాడు ఒక్కడైన ఉండవలెను. నేర్పు కుఱ్ఱవాడు మన సంఘములోనివాడైనయెడల, నలుగురిలో తప్పు ఎత్తి చూపక, ప్రక్కకు పిలిచి చెప్పవలెనని అతని తల్లిదండ్రులు బుద్ధి చెప్పవలెను.

ఏబదియేండ్లు దాటి, క్రొత్త పని నేర్చు ఓపిక లేనివారును ఉన్నారు. వారికి సంఖ్యాకాండములోని కావలి ఉన్నది. గాలి వాటమును చూచి రేపటి సముద్రము చెప్పగలవారు, వలకు ఏ కన్ను ఏ చేపకో ఎరిగినవారు, తుపాను రాత్రి ఏ దిబ్బ మీదికి ఎక్కవలెనో ఎరిగినవారు మన ఊళ్లలో తగ్గిపోవుచున్నారు. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చిన ఉదయమున సముద్రపు పోకడ మారెనని కనిపెట్టుటకు పెద్దల కన్ను ఎంత అవసరమో ఈ తీరమునకు తెలిసినది. కుఱ్ఱవారు ఫోనులో వాతావరణము చూచుకొందురు, మంచిదే. దానితోకూడ పెద్దల ప్రక్కను గంట సేపు కూర్చుండుట కూడ వారికి పనిలో భాగమని తండ్రులు నేర్పవలెను.

ఇక పని మాట. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, మన తూర్పు తీరమున ఇంజను పడవలకు వేట నిషేధమున్నది. చేపలు గ్రుడ్లు పెట్టు కాలము గనుక ఆ నియమము న్యాయమైనదే. ఆ దినములలో వలలు బాగు చేసికొనుటయు, పడవలకు రంగు వేయుటయు మామూలు. మిగిలిన సాయంకాలములు అరుగుల మీద జరుగుబాటు లేక గడచిపోవుచున్నవి. ఈ సంవత్సరము ఆ సాయంకాలములలో మన మందిరపు వసారాలో మూడు పనులు నేర్పుటకు సంఘ పెద్దలు ఒప్పుకొనిరి. పడవ ఇంజను మరమ్మతు, కుట్టుపని, చిన్న వ్యాపారమునకు కావలసిన జమాఖర్చు వ్రాత. ఇంజను పని నేర్పుటకు మన సంఘస్థుడే ఒకరు ముందుకు వచ్చిరి, ఆయన వయస్సు ఇరువదినాలుగు. కుట్టుమిషనులు రెండు కుదిరినవి, మూడవది ఎవరి యింటనైన ఊరక ఉన్నయెడల రెండు నెలలకు ఇప్పింప వేడుచున్నాము. లాంతరుల అక్కర లేదు గాని, కరెంటు పోయిన దినములకు ఒకటి రెండు ఉండుట మంచిది. నేర్చుకొనదలచినవారు ఏప్రిల్ మొదటి ఆదివారము లోపల తమ పేర్లు పెద్దల యొద్ద వ్రాయించుకొనవలెను. పలక, బలపము, కొలత టేపు ఎవరివి వారు తెచ్చుకొనవలెను.